రెండు కాళ్ల గుడి

గుడి గురించి రాసేవాళ్లకి ఒక పద్ధతి ఉంది. నూరేళ్ల పండక్కి అచ్చేసే సంచిక ఏదైనా తీసి చూడండి. మొదట మేత్రాణుల వారి ఆశీర్వాదం. తర్వాత విచారణ గురువుల ఫొటోలు వరసగా. ఆ తర్వాత గుడి చరిత్ర. ఫలానా దొర ఓడెక్కి వచ్చాడు, ఎండకీ జ్వరానికీ ఓర్చుకున్నాడు, పునాది రాయి వేశాడు, గంటని ఐరోపా నించి తెప్పించాడు. గోపురం ఎన్ని అడుగులు, కమానులు ఏ దేశపు పద్ధతి, రంగు అద్దాలు ఎక్కణ్ణించి వచ్చాయి, ఇవన్నీ ఉంటాయి. రెండు సంగతులు మటుకు ఉండవు. ఎవరు ఏ వాకిట్లోంచి లోపలికొచ్చారు? వచ్చినాక ఎక్కడ కూచున్నారు?

కథలో, కవితలో, నవలలో కులం ఎక్కడ దాక్కుందో పట్టుకోవడం దళితులుగా మనం నేర్చుకున్నాం. ఏ పాత్రకి పేరు పెట్టారు, ఏ పాత్రని ఉత్త 'పాలేరు' అని వదిలేశారు అని అడిగాం. ఆ ప్రశ్ననే గుడికి కూడా వెయ్యాలని నా వాదన. ప్లాను కూడా ఒక రచనే. దాన్ని ఒకళ్లు గీశారు, ఒకళ్లు ఒప్పుకున్నారు, ఒకళ్లు డబ్బిచ్చారు, ఒకళ్లు తట్టలు మోశారు. కాయితం మీద రాసింది చెరిపెయ్యొచ్చు. ఇటుకతో రాసింది అంత తేలిగ్గా చెరగదు. అలా చెరగకుండా మిగిలిన ఒక గుడి గురించి ముందు చెప్తాను. తర్వాత మా గుడి సంగతికి వస్తాను.

నేను పల్నాటి వైపు మాదిగపల్లెలో పుట్టిన కతోలికురాలిని. మా వైపు కతోలికులకి వేళాంగణి మొక్కు మామూలే. ఒకసారి మొక్కు తీర్చుకుని అక్కణ్ణించి కన్యాకుమారి దాకా పోయాం. ఆ దారిలోనే, తిరునల్వేలి జిల్లాలో, వడక్కన్‌కుళం అనే ఊరుంది. అక్కడి తిరుకుటుంబ దేవాలయాన్ని చూడమని తమిళ స్నేహితులు చెప్పారు. ఎందుకు చూడాలో కూడా చెప్పారు. దాన్ని అక్కడివాళ్లు కాల్‌చట్టై కోయిల్ అంటారు. అంటే లాగు గుడి.

లాగుని నేల మీద పరిచి చూడండి. నడుము దగ్గిర ఒకటే. కిందికొచ్చేసరికి రెండు కాళ్లు. ఆ గుడి ప్లాను అదే. నడుము ఉండాల్సిన చోట బలిపీఠం. దాన్నించి చీలి రెండు పొడుగాటి మండపాలు. ఒక కాలులో వెళ్లాళ పిళ్లైలు, ముదలియార్లు. ఇంకో కాలులో అప్పట్లో శాణార్లు అనిపించుకున్న నాడార్లు. మధ్యలో అడ్డుగోడ. పూజ ఒకటే, గురువు ఒకడే, అప్పం ఒకటే. ఈ కాలులో వాళ్లు గురువుని చూడొచ్చు, ఆ కాలులో వాళ్లూ చూడొచ్చు. వీళ్లూ వాళ్లూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోనక్కర్లేదు. 1855లో మొదలుపెట్టి 1872కి దీన్ని పూర్తి చేశారు.

ఇది తెలివితక్కువ పని కాదు. చాలా తెలివిగల పని. మామూలుగా గుడి కట్టేవాడు అందరూ ఒకచోట చేరడం ఎలాగా అని ఆలోచిస్తాడు. ఇక్కడ కట్టినవాడు, అందరూ ఒక కప్పు కింద చేరి కూడా చేరకుండా ఉండడం ఎలాగా అని ఆలోచించాడు. ఆ లెక్కకి జవాబు సాధించాడు. పర్యాటక పుస్తకాల వాళ్లు 'అరుదైన జంట మండపాల నిర్మాణం' అని మెచ్చుకోడానికి ఇలాంటి గుడి బాగా పనికొస్తుంది. ఎందుకు జంట అని అడిగితే మాత్రం మెచ్చుకోలు ఆగిపోతుంది.

ఈ ప్లాను 1855లో హఠాత్తుగా పుట్టలేదు. రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ జెసూట్ గురువు 1606లో మదురై వచ్చాడు. అప్పుడక్కడ ఏలేది తెలుగు నాయకులు. ఆయన తమిళం, సంస్కృతంతో పాటు మన తెలుగు కూడా నేర్చాడు. పరవలు పోయే పాత గుడికీ, అక్కడి గురువుకీ దూరం జరిగి, సన్యాసి వేషం కట్టి, పై కులాల కోసం వేరే గుడి పెట్టాడు. జంధ్యం, పిలక, చందనం ఉంచుకోవచ్చని 1623లో పోపు పదిహేనో గ్రెగొరి అనుమతి ఇచ్చాడు. 1640ల నించి కింది కులాల కోసం వేరే తరహా గురువులు తయారయ్యారు. వాళ్లని పండారస్వాములన్నారు. గోడ కట్టకముందే గురువుల్ని రెండుగా కట్టారన్నమాట.

రోముకి ఇది తెలీక కాదు. 1704లో పాండిచ్చేరిలో ద తుర్నో అనే పోపు ప్రతినిధి, జబ్బుపడ్డ పరయవాడి గుడిసెలోకి పోయి సంస్కారాలు ఇవ్వకుండా ఉండడం తప్పని ఆజ్ఞ రాశాడు. నలభై ఏళ్లు దాని మీద తగువులాడారు. చివరికి 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు దగ్గిర తేలిందేమిటంటే, పరయల కోసం ప్రత్యేకంగా కొందరు గురువుల్ని పెడతాం అని. అంటే మా గుడిసెలోకి గురువొస్తాడు, కానీ మా కోసం ఏర్పాటైన గురువు మాత్రమే వస్తాడు. తీర్పు మావైపే వచ్చినట్టు ఉంటుంది, ఏర్పాటు మాత్రం పాతదే. దళితులకి ఇది కొత్త అనుభవం కాదు.

ఆ మరుసటేడు, 1745లో, ఇదే వడక్కన్‌కుళంలో తిరువాన్కూరు కొలువులో పనిచేసే నీలకంఠ పిళ్లై జ్ఞానస్నానం తీసుకుని దేవసహాయం అయ్యాడు. కులాల తేడా లేకుండా అందరూ సమానమన్నందుకు కూడా పైవాళ్లకి కంటగింపయ్యాడు. 1752లో చంపేశారు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుణ్ణి చేశాడు. అంతకుముందే, 2020లో, పేరు చివర 'పిళ్లై' అనే కులం మాట తీసేశారు. మంచి పని. కానీ చూడండి, ఆయన జ్ఞానస్నానం తీసుకున్న ఊళ్లోనే ఆయన చచ్చిన నూరేళ్లకి పిళ్లైలకి ఒక కాలు కట్టారు. పేరు చివర కులాన్ని తియ్యడానికి ఒక ఉత్తరువు చాలింది. ప్లాన్లో కులాన్ని తియ్యాలంటే ఏంకావాలి?

గడ్డపారలు కావాలి. 1910లో కౌసనెల్ అనే ఫ్రెంచి గురువు అడ్డుగోడ పడగొట్టించాడు. పిళ్లైలూ ముదలియార్లూ ఊరుకోలేదు. గుడి మా డబ్బుతో కట్టింది, మా చోటు మాది, గోడ తిరిగి కట్టండి అని బిషప్పు మీద దావా వేశారు. అది మద్రాసు హైకోర్టు దాకా పోయింది. అక్కడా ఓడిపోయారు. క్రైస్తవులైన వాళ్లు కులం పేరిట గుడిలో వేరే చోటు అడగడానికి కోర్టు ఒప్పుకోలేదు.

ఈ తీర్పు విలువ తెలియాలంటే దాని పక్కన ఇంకో తీర్పు పెట్టి చదవాలి. అదే నాడార్లు 1897లో కముది ఊళ్లో శివాలయంలోకి పోయారు. రాజావారు వాళ్ల మీద దావా వేశాడు. అది లండనులో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1908లో నాడార్లు ఓడిపోయారు. శివాలయం వాకిలి దాటే హక్కు లేదన్న రెండేళ్లకి చర్చిలో గోడ కూలింది. రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం కూడా కొట్లాడిన కులం అది. 1899లో శివకాశిలో వాళ్ల ఇళ్లు తగలబడ్డాయి. వాళ్ల పోరాటాన్ని చిన్నది చెయ్యడం నా ఉద్దేశం కాదు. గోడ పడిందంటే వాళ్లు నిలబడబట్టే పడింది. కౌసనెల్ స్వామి ఒక్కడి దయ అని రాసే చరిత్ర అబద్ధం.

అయితే దళితురాలిగా ఈ గుడిని చదివేటప్పుడు నా కన్ను ఇంకోచోట ఆగుతుంది. లాగుకి రెండు కాళ్లే. మూడో కాలు లేదు. ఆ దావాలో వాది పిళ్లై, ముదలియారు. ప్రతివాది బిషప్పు, ఆయన వెనక నాడారు. పరయవాడు, పళ్లవాడు కక్షిదారు కూడా కాదు. విడిగా కూచోపెట్టడానికైనా కొంత గుర్తింపు ఉండాలి. గోడ అనేది ఎదురుబొదురు నిలబడగలిగిన రెండు బలాల మధ్య కడతారు. ఏ బలమూ లేనోడికి గోడ ఖర్చు దండగ. వాడికి గడప చాలు, చెట్టు నీడ చాలు, కనుచూపు చాలు.

మా తెలుగు గుళ్లలో ఇలాంటి గోడలు ఎందుకు కనపడవో నాకు అప్పుడు అర్థమైంది. మా దగ్గిర కులం లేక కాదు. మదురై పద్ధతే మా దాకా వచ్చింది. ఫ్రెంచి జెసూట్లు పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో కర్నాటక మిషను పేరుతో తెలుగు సీమలోకొచ్చినప్పుడు అదే కాషాయం, అదే సన్యాసి వేషం. మా గుంటూరు సీమలో కమ్మ కతోలికులున్నారు, రెడ్డి కతోలికులున్నారు, మాల మాదిగ కతోలికులున్నాం. ఒకే గుడిలో ఒకే జపమాల చెప్తాం.

ఇక మా గుడి సంగతి. ఊరి పేరు చెప్పను, అన్ని ఊళ్ల కథా ఇంతే గనక. గుడి పల్లెలో లేదు, ఊళ్లో ఉంది. తూర్పు మొహం వాకిలి, పక్కన రెండు చిన్న వాకిళ్లు. కుడివైపు మగాళ్లు, ఎడమవైపు ఆడాళ్లు. ఇది అందరికీ కనపడే గీత. కనపడని గీత అడ్డంగా ఉంటుంది. ముందు నాలుగు వరసల్లో ఈతచాపలు. తర్వాత ఉత్త గచ్చు. చాపల మీద ఎవరు కూచోవాలో ఏ గోడ మీదా రాసిలేదు. నా చిన్నప్పుడు ఒక క్రిస్మసుకి కొత్త పరికిణీ కట్టుకుని పోయి చాప మీద కూచున్నాను. ఎవరూ తిట్టలేదు. ఒక పెద్దామె నవ్వుతానే, "ఏమ్మా, మీ అమ్మ వెనకమాల ఉందిగా, అక్కడికి పోయి కూచో తల్లీ" అంది. లేచి పోయాను. సత్ప్రసాదానికి లేచే వరస కూడా అంతే. ముందు కూచున్నోళ్లు ముందు లేస్తారు, అందులో తప్పేముంది? తప్పంతా ముందు ఎవరు కూచున్నారన్న దాంట్లోనే ఉంది.

వడక్కన్‌కుళంలో ఇటుకలతో చేసిన పనిని మా ఊళ్లో ఈతచాపతో చేశారు. చాపని పడగొట్టడం కుదరదు. చాప మీద దావా వెయ్యడం కుదరదు. పూజ అయిపోగానే చుట్టేస్తారు. సాక్ష్యం ఉండదు.

తేరు సంగతి చెప్పాలి. మాత పండక్కి స్వరూపాన్ని పూల తేరు మీద పెట్టి ఊరంతా తిప్పుతారు. పల్లె మొగదల దాకా వచ్చి తేరు వెనక్కి తిరుగుతుంది. దారి ఇరుకు, చక్రం పట్టదు అనేవాళ్లు. మేం దారి వెడల్పు చేశాం. కరెంటు తీగలు కిందికున్నాయన్నారు. సమాధుల తోటలో కూడా ఒక పక్కన పాలరాయి, ఇంకో పక్కన మట్టిదిబ్బలు. మధ్యలో గోడ లేదు, జిల్లేడు చెట్లున్నాయి.

కట్టడం సంగతి మా నాయనమ్మ చెప్పింది. సిమెంటు కాదు, గానుగ సున్నం. ఇసకా సున్నం కలిపి, ఎద్దు తిరుగుతుంటే రాతి చక్రం కింద నలిగి వెన్నలాగా అవ్వాలి. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసేవాళ్లంట. "ఏందమ్మాయ్, గుడి గుడి అంటావు. ఆ ఎత్తున కమాను కనపడతందే, దానికి సున్నం తట్ట నేనే అందించా. చేతులు పుండ్లు పడి నెల రోజులు ముద్ద కలుపుకోలేకపోయా. మీ తాత నోట్లో పెట్టేవోడు" అనేది. కూలి ఇచ్చారా నాయనమ్మా అంటే, "కొన్నాళ్లు జొన్నలిచ్చారు. కొన్నాళ్లు దేవుడి పని అన్నారు" అంది. సంచికలో చందాదారుల పట్టీ రెండు పేజీలుంది. ఎవరెన్ని బస్తాల ధాన్యం ఇచ్చిందీ ఉంది. 'విశ్వాసుల సహకారంతో' అన్న ఒక్క మాటలో మా నాయనమ్మ చేతులు అయిపోయాయి.

గోడలు కూలిపోయిన కాలం కదా, ఇంకా ఎందుకీ మాటలు అంటారు. 2008 మార్చిలో తమిళనాడు ఎరయూరులో దళిత కతోలికులు మాకు వేరే విచారణ కావాలని అడిగారు. ఉన్న గుడిలో కూచునే చోటు వేరు, శవాన్ని తీసుకుపోయే దారి వేరు అయినప్పుడు ఇంకేం అడుగుతారు? వాళ్ల ఇళ్ల మీద తోటి కతోలికులైన వన్నియర్లు పడ్డారు. పోలీసులు కాల్చారు. ఇద్దరు చచ్చిపోయారు. తిరుచిరాపల్లిలో కతోలికుల సమాధుల తోటలో దళితుల్ని విడదీసే గోడ మీద ఎన్నేళ్లుగానో గొడవ నడిచింది. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య తన దళిత విధాన పత్రంలో సంఘంలో అంటరానితనం ఉందని స్వయంగా ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారు కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి మొదటి కార్డినల్. ఆ రోజు మా పల్లెలో టపాకాయలు కాల్చాం. ఆ సంతోషం నిజమైందే. పైన కిరీటం మారినంత మాత్రాన కింద గచ్చు మీద వరస మారదన్నది కూడా నిజమే.

మాలో మాకు కూడా ఈ ప్రశ్న వేసుకోవాలి. మాలపల్లెలో ఒక చిన్న గుడి, మాదిగపల్లెలో ఒక చిన్న గుడి ఎందుకున్నాయి? ఒకరి పండక్కి ఒకరు ఎందుకు భోజనానికి కూచోరు? లాగు గుడి ప్లాను పిళ్లై దగ్గిరే ఉందనుకుంటే పొరపాటు. దాని నకళ్లు చాలామంది దగ్గిరున్నాయి.

ఈ వ్యాసం ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మా గుడి పడగొట్టి కొత్తది కడతామంటున్నారు. పాత కమానులో చీలిక వచ్చింది, నిజమే. కొత్తది స్లాబు, పాలిష్ రాయి, లోపల బల్లలు. చాపలు పోతాయంటే నేను సంతోషపడ్డాను. తర్వాత తెలిసింది, బల్లకింత అని చందా పెట్టారు. ఇచ్చినోళ్ల పేరు బల్ల వీపు మీద చెక్కుతారు. లక్షలిచ్చేవాళ్లు ముందు బల్లలు రాయించుకున్నారు. కూలికి పోయే మా ఆడాళ్లు ఏ బల్ల రాయించుకుంటారు? రేపు మా పిల్ల ఒకతె ముందు బల్ల మీద కూచుంటే, 'చాప మీంచి లే' అనక్కర్లేదు. 'పేరు చదువు తల్లీ' అంటే చాలు. గోడ చాపైంది, చాప బల్లవుతోంది. ఈసారి ఇటుక లేదు, కులం మాట లేదు, రసీదు ఉంటుంది.

ఇది నా ఒక్కదాని కోపం కాదు, సంఘం చట్టమే చెప్తోంది. రెండో వాటికన్ మహాసభ 1963లో పూజావిధుల మీద ఇచ్చిన శాసనంలో, ప్రార్థనలో ఏ మనిషికీ ఏ వర్గానికీ ప్రత్యేక గౌరవం చూపకూడదని ఉంది. గురువు జనం వైపు మొహం తిప్పి పూజ చెయ్యడం మామూలైంది కూడా ఆ సభ తర్వాతే. ఆయన మావైపు తిరిగాడు, సరే. ఆయనకి కనపడే మొహాలు ఏ వరసలో ఉన్నాయన్నది కట్టేవాళ్ల చేతిలో ఉంది.

అందుకని కమిటీ పెద్దలకి మేం నాలుగు మాటలు రాసిచ్చాం. ఏ బల్ల మీదా ఎవరి పేరూ ఉండగూడదు. పాత గుడికి సున్నం మోసినవాళ్ల పేర్లు, బతికున్న ముసలోళ్లకి గుర్తున్నంత వరకు, కొత్త గుడి గోడ మీద చందాదారుల పేర్ల పక్కనే అదే సైజు అక్షరాల్లో చెక్కాలి. తేరు పల్లెలోకొచ్చి తిరిగి వెళ్లాలి. ప్లాను ఖాయం చేసేముందు పల్లెకి తెచ్చి పరిచి, ఏ గీత ఎందుకు గీశారో మాకు చదివి చెప్పాలి.

మూడింటికి చూద్దామన్నారు. పునాదికి మట్టి తియ్యడానికి మాత్రం పల్లె నించి ఇంటికొక మనిషి రావాలని కబురొచ్చింది. ప్లాను కాయితం ఇంకా రాలేదు. అది వచ్చినాకే మట్టి తీస్తామని మా ఆడాళ్లు చెప్పి పంపారు.